పళ్లెం తిప్పిన సాయంత్రం

ముసఫ్ఫా, అబూధాబి
2 డిసెంబరు 2022

ఫేబా వదినగారికి,

ఫోన్‌లో మీరు ఏడ్చారు. నేను మాట్లాడలేకపోయాను. మీ చెల్లెలికి చివరి రోజు ఎలా గడిచిందని అడిగారు. ఈ రోజు ఇక్కడ జాతీయ దినం, సెలవు. కూర్చుని రాస్తున్నాను.

నవంబరు 18, శుక్రవారం. మా పెళ్లిరోజు. దయకు పగటి డ్యూటీ. చీకటితోనే లేచి నాకు టిఫిన్ పెట్టింది. తను ఒక అరటిపండు తిని ఆసుపత్రి బస్సు ఎక్కింది. మా స్పేర్ పార్టుల గోడౌన్ శుక్రవారం ఒంటిపూటే. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆమె నీలం చీర ఇస్త్రీ చేశాను. సాయంత్రం వచ్చింది. కాళ్లు లాగుతున్నాయని కాసేపు పడుకుంది. లేచి స్నానం చేసి ఆ చీరే కట్టుకుంది.

రాత్రి బయట భోజనం చేశాం. మొరాకో దేశం వాళ్ల హోటల్. దయే అడిగింది. బాగా తింది. ఇంటికొచ్చి, ప్రార్థన చేసుకుని పడుకున్నాం.

తెల్లవారుజామున టీ పెట్టడానికి లేచింది. స్టవ్ వెలిగించిన చప్పుడు విన్నాను. తర్వాత ఏ చప్పుడూ లేదు. వెళ్లి చూస్తే వంటగది కుర్చీలో, గోడకు ఆనుకుని ఉంది. గిన్నెలో నీళ్లు వేడిగా ఉన్నాయి. స్టవ్ ఆపేసి ఉంది. తనే ఆపి కూర్చుంది.

అంబులెన్స్ ఆమె పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్లింది. ఆ సమయానికి సోనీ డ్యూటీలో ఉంది. మీకు తెలుసుగా, పాలకొల్లు అమ్మాయి, దయ దగ్గర నర్సు పని నేర్చుకున్న పిల్ల. ఆ పిల్లే నాకు బయటకొచ్చి చెప్పింది. గుండె అన్నారు. బాధ పడి ఉండదన్నారు.

ఇక్కడి బనియాస్ శ్మశానవాటికలో సమాధి చేశాం. పెట్టె ఊరికి ఎందుకు పంపలేదని మీరు అడగలేదు. అడగాలనుకున్నారని తెలుసు. తన వార్డు నుంచి ఎన్నో పెట్టెలు వెళ్లడం దయ చూసింది. "నన్ను కార్గోలో సామానులా వేయకండి. ఎక్కడ పోతే అక్కడే" అని నాతో అంది, నవ్వుతూనే. ఆమె మాట పాటించాను.

ఇరవై ఎనిమిదేళ్లు నాతో ఉంది. ఎక్కువ బాధపడకుండా వెళ్లింది. రెంటికీ కృతజ్ఞుణ్ణి. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు. మా చర్చి పెద్ద ఒకాయన ఊరొస్తున్నారు, ఆయన చేత పంపుతున్నాను.

మీ మరిది,
ఏలీయా


నరసాపురం
11 జనవరి 2023

మరిది ఏలీయా గారికి,

మీ ఉత్తరం క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు అందింది. ఈ ఏడు మా ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. లేసు అల్లడానికి నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లను కూడా నెల రోజులు రావద్దన్నాను. వాళ్లు వస్తే దయ సంగతి అడుగుతారు, నేను చెప్పాలి. వద్దన్నా ఇద్దరు వచ్చి వరండాలో కూర్చుని అల్లుకుని పోతున్నారు. ఒక్క మాటా అడగరు. అదే నయంగా ఉంది.

ఇరవై ఎనిమిదేళ్ల కాపురాన్ని పేజీన్నరలో రాశారు. టెలిగ్రాములు ప్రభుత్వం ఎప్పుడో ఎత్తేసింది, మీరింకా ఎత్తేయలేదు. స్టవ్ ఆపి కూర్చుందన్నారు చూడండి, ఆ ఒక్క ముక్కలో మాత్రం మా దయ కనిపించింది. చిన్నప్పుడు జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా పొయ్యిలో కట్టె వెనక్కి లాగి మరీ పడుకునేది.

రెండు సంగతులు అడుగుతాను. కోపం తెచ్చుకోకండి, తెచ్చుకున్నా సరే.

ఏటా పెళ్లిరోజుకు పాస్టరు గారిని పిలిచి, వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టి కృతజ్ఞతా కూడిక జరిపించేవారు. ఈసారి ఎందుకు మానేశారు? అది మీ సరదా కోసం మొదలైంది కాదు మరిదిగారూ, నా మొక్కుబడి. అమ్మ పోయేనాటికి దయకు తొమ్మిదేళ్లు, నాకు పందొమ్మిది. ఈ పిల్ల ఒక ఇంటిదైతే ఏటా ఆ రోజున నీకు కృతజ్ఞత చెప్పిస్తానని దేవునితో అనుకున్నాను. దయకు చెప్పాను, మీకు చెప్పవలసిన పని లేదనుకున్నాను. ఇన్నేళ్లూ తప్పలేదు. తప్పింది ఒక్క ఏడు. తెల్లారేసరికి పిల్ల లేదు. నేను ఏమనుకోవాలి? నిద్ర పట్టడం లేదు. మోకాళ్ల నొప్పి అని అందరికీ చెబుతున్నాను.

రెండోది. పెళ్లిరోజు రాత్రి దయ నాకు ఫోన్ చేయకుండా పడుకోదు. ఆ రాత్రి చేయలేదు. నేను ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. హోటల్లో కూర్చున్న మనిషికి అక్క గుర్తు రాలేదా? మీకైనా గుర్తు రాలేదా?

మీకు పిల్లలు లేరు. దానికి తల్లినీ నేనే, కూతురినీ నేనే. అందుకే అడుగుతున్నాను.

వేళకు తినండి. అన్నం వండుకోవడం వచ్చా అసలు?

ఫేబా


ముసఫ్ఫా
24 ఫిబ్రవరి 2023

వదినగారూ,

కోపం లేదు. అడగవలసినవే అడిగారు. అన్నం వండుకుంటున్నాను. మొదట్లో మెత్తగా అయ్యేది, ఇప్పుడు పలుకు ఉంటోంది. మధ్యస్థంగా ఇంకా రాలేదు.

కూడిక వద్దన్నది దయే. అక్టోబరులో ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ అంది: "ఏవండీ, ఇన్ని పెళ్లిరోజులు చేసుకున్నాం, ఒక్కదానికైనా నేను కూర్చుని తిన్నానా?"

ఆలోచించాను. లేదు. ఏటా డ్యూటీ నుంచి వచ్చి ముప్పై మందికి బిర్యానీ వండేది. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే ఈమె వంటగదిలో గరిటె పట్టుకుని తల వంచుకునేది. లేబర్ క్యాంపుల నుంచి వచ్చే మన వాళ్లు మారు వడ్డించుకుని తినడం చూసి సంతోషపడేది. అందరూ వెళ్లాక గిన్నెలో అడుగున మిగిలింది నిలబడి తినేది. నేను ఇన్నేళ్లూ పాస్టరు గారి పక్కన కూర్చుని తిన్నాను.

"ఈ ఒక్కసారికి నాకెవరైనా వడ్డించాలండీ" అంది. ఆసుపత్రి బస్సు ఆ మొరాకో హోటల్ ముందు నుంచి వెళ్తుంది. కిటికీలో పెద్ద రాగి కెటిల్ ఒకటి ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి చూస్తోందట.

ఆ కెటిల్ చేతులు కడగడానికని లోపలికి వెళ్లాక తెలిసింది. అయేషా అని ఒక పెద్దావిడ పళ్లెం పట్టి, కెటిల్‌తో గోరువెచ్చని నీళ్లు పోసింది. పువ్వుల వాసన వేసే నీళ్లు. దయ అలవాటుగా మోచేతుల దాకా రుద్దుకుని, ఆపరేషన్ గదిలో నిలబడ్డట్టు చేతులు పైకెత్తి పట్టుకుంది. ఆవిడ తుండు పట్టుకుని నవ్వింది. దయకు అప్పుడు తెలిసివచ్చి, తనూ నవ్వింది. ఆమె అంతసేపు నవ్వడం నేను చూసి చాలా కాలమైంది.

శుక్రవారం అక్కడ కుస్కుస్ వండుతారు. సన్న రవ్వను ఆవిరి మీద ఉడికించి, పైన ఏడు రకాల కూరగాయలు, మధ్యలో మేక మాంసం. ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద పళ్లెంలో తెచ్చారు. దయ చూసి, "ఉప్మాకి పెళ్లి చేసినట్టుందండీ" అంది.

తర్వాత జరిగింది మీకు చెప్పాలి. తినడం మొదలుపెట్టగానే దయ మాంసం ముక్కలన్నీ నా వైపు జరిపేసింది. తనకు తెలియకుండానే. నేను వద్దన్నాను, ఆమె వినలేదు. అయేషా దూరం నుంచి చూసి వచ్చింది. పళ్లెం రెండు చేతులతో పట్టుకుని తిప్పేసింది. నా వైపుది దయ వైపుకు వచ్చింది. ముక్కలన్నీ ఆమె ముందు. దయ తింది. అన్నీ తింది.

మొక్కుబడి సంగతి నాకు తెలియదు. దయ చెప్పలేదు.

ఫోన్ సంగతి. ఆమె చేయలేదు. నేను ఆపలేదు. ప్రస్తుతం అంతే రాయగలను.

వచ్చే నవంబరు 18న ఇక్కడ కృతజ్ఞతా కూడిక పెడదామని అనుకుంటున్నాను. మీ అభిప్రాయం రాయండి.

ఏలీయా


నరసాపురం
6 ఆగస్టు 2023

ఏలీయా గారికి,

మీ ఉత్తరం అందిన రోజే చదివాను. పళ్లెం తిప్పిందన్న చోట ఆగి, మర్నాడు మిగిలింది చదివాను. దయకు ఆ అలవాటు నా దగ్గర నుంచి వచ్చిందే. నేను దాని పళ్లెంలోకి జరిపేదాన్ని, అది మీ పళ్లెంలోకి జరిపింది. తిప్పేవాళ్లు మాకెవరూ లేకపోయారు. ఆ పెద్దావిడ చేతులు చల్లగా ఉండాలి. ఇది అప్పుడే రాయాలని కూర్చున్నాను. చివరి మాట దగ్గర నా కలం ఆగిపోయింది.

భార్య పోయినవాళ్లు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటారు. మా చర్చిలోనూ అంతే, మీ చర్చిలోనూ అంతే. పెళ్లిరోజున కృతజ్ఞతా కూడిక పెట్టేది పెళ్లైనవాళ్లు. ఏం కృతజ్ఞత, ఎవరి పెళ్లిరోజు అని నాకు అర్థం కాలేదు. సర్లే, మగవాడు, పేరు తప్పుగా రాశాడనుకున్నాను.

జూలైలో సోనీ సెలవుకు వచ్చింది. దయ వాచీ తెచ్చి ఇచ్చింది. మీరెలా ఉన్నారని అడిగితే బాగున్నారంది, చూపు పక్కకు తిప్పుకుంది. పిల్లది చాడీలు చెప్పే రకం కాదు. నేనే రొయ్యల కూర వడ్డించి వడ్డించి అడిగాను. జూన్‌లో ఒక సాయంత్రం బస్సులోంచి చూసిందట. అదే మొరాకో హోటల్. కిటికీ పక్కనే మీరు. ఎదురుగా ఎవరో ఒకావిడ. ఇద్దరూ ఒకే పళ్లెంలో తింటున్నారట.

ఒకే కంచంలో ఎవరు తింటారో నాకు తెలుసు. నేనూ కాపురం చేసినదాన్నే.

మిమ్మల్ని తప్పు పట్టను. అరవై దగ్గర పడుతున్న మనిషికి ఒంటరి బతుకు కష్టం. అన్నం కూడా సరిగ్గా ఉడకడం లేదు. కానీ దయతో కూర్చున్న చోటే కూర్చోవాలా? అంత పెద్ద దేశంలో ఇంకో హోటల్ లేదా? కృతజ్ఞతా కూడిక ఎందుకో ఇప్పుడు అర్థమైంది. పెట్టుకోండి. నా అభిప్రాయం అక్కర్లేదు.

దయ చీరలు మాత్రం సోనీ మళ్లీ వచ్చేటప్పుడు పంపండి. ఆవిడ కట్టుకోకముందే.

ఇట్లు,
దయాకుమారి అక్క


ముసఫ్ఫా
27 ఆగస్టు 2023

వదినగారికి,

అయేషా చీర కట్టదు. మీరు భయపడనక్కర్లేదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను పొదుపుగా రాయడం వల్ల మీకు ఇంత బాధ కలిగింది. ఈసారి ఉన్నదంతా రాస్తాను.

జూన్ 9 దయ పుట్టినరోజు. శుక్రవారం పడింది. ఇంట్లో ఉండలేక ఆ హోటల్‌కు వెళ్లాను. చేతులు కడగడానికి అయేషా కెటిల్ తెచ్చి, నా వెనుక చూసి, "మేడమ్ కిధర్?" అంది, మేడమ్ ఎక్కడ అని. ఆ మాటకు నా దగ్గర హిందీ లేదు, అరబ్బీ లేదు. ఇక్కడ అన్నిటికీ వాడే మాట ఒకటుంది. "ఖలాస్" అన్నాను. అయిపోయింది అని. గోడౌన్‌లో సరుకు అయిపోయినా అదే అంటాం.

ఆవిడ కెటిల్ కింద పెట్టి లోపలికి వెళ్లింది. రానేమో అనుకున్నాను. కుస్కుస్ పళ్లెంతో వచ్చి, బల్ల మీద పెట్టి, దయ కుర్చీలో కూర్చుంది. "అకేలా నహీ ఖానా" అంది, ఒంటరిగా తినకూడదని. తన వైపు నుంచి తినడం మొదలుపెట్టింది. ఆ హోటల్ యజమానికి తల్లి ఆవిడ. నాకన్నా పెద్దది. ముని మనవడు పుట్టాడని ఫోన్‌లో ఫోటో చూపించింది.

వాళ్ల ఇళ్లలో అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటారట. ఎవరి వైపుది వాళ్లు తింటారు, అవతలి వైపుకు చెయ్యి వేయరు. మనకు ఒకే కంచం అంటే ఒక అర్థం. వాళ్లకు అది చాప పరిచినంత మామూలు. బస్సులోంచి చూసిన సోనీ తప్పు లేదు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

ఇక మీ మొక్కుబడి. దీని గురించి చాలా కాలం ఆలోచించాను. అన్నం ముందు ప్రార్థన మాకు రోజూ ఉండేదే కాబట్టి రాయాలని తోచలేదు. రాయవలసింది అదేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ రాత్రి చేతులు కడిగాక దయ, "ఈ రోజు ప్రార్థన నేను చేస్తానండీ" అంది. ఇరవై ఏడేళ్లు పాస్టరు గారు చేసిన ప్రార్థన. ఆమె వంటగదిలోంచి విన్నది. ఆ రోజు బల్ల దగ్గర కూర్చుని తనే చేసింది. సూప్ చల్లారిపోయింది. అయేషా రొట్టెల బుట్ట పట్టుకుని పక్కన నిలబడిపోయింది. దయ మొదట మీ పేరు చెప్పింది. తర్వాత మీ అమ్మగారి పేరు. నా పేరు మూడోది. పెళ్లినాటి నుంచి ఒక్కొక్క ఏడూ తలుచుకుని కృతజ్ఞత చెప్పింది. కరోనా వార్డులో పనిచేసి బతికి బయటపడిన ఏడు దగ్గర కొంచెం ఆగింది. "మా అక్క ఇచ్చిన మాట ఈ రోజు నేనే స్వయంగా తీరుస్తున్నాను ప్రభువా" అంది. అదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత అడుగుదామనుకున్నాను.

కూడిక మానలేదు వదినగారూ. జరిగింది. ఇద్దరమే ఉన్నాం. మీరు నిద్రపోవచ్చు.

ఫోన్ సంగతి కూడా రాస్తాను. మీకు బాధ కలుగుతుందని దాచాను. దాచినందుకు ఎక్కువ బాధపడ్డారు. కారులో నేనే గుర్తు చేశాను, అక్కకు చేయవా అని. "ఇప్పుడొద్దండీ. పళ్లెం తిప్పిన సంగతి ఇప్పుడు చెబితే అక్క రాత్రంతా ఏడుస్తుంది. రేపు పొద్దున టీ తాగుతూ తీరిగ్గా మొత్తం చెప్తాను" అంది. మళ్లీ తనే, "అక్క కూడా ఎప్పుడూ కూర్చుని తినలేదండీ. ఒకసారి ఇక్కడికి తీసుకురావాలి" అంది. ఆ టీ కోసమే తెల్లవారుజామున లేచింది.

డిసెంబరుతో నా ఉద్యోగం అయిపోతుంది. వీసా రద్దవుతుంది. ఆ తర్వాత బనియాస్‌కు మిమ్మల్ని తీసుకెళ్లడానికి ఇక్కడ నేనుండను. పెట్టె పంపనివాణ్ణి, మిమ్మల్ని ఆమె దగ్గరకు తీసుకురావలసింది నేనే. నవంబరు 18కి రండి. విజిట్ వీసాకు పెడతాను. కూడికకు ఇద్దరం చాలు. దేనికి కృతజ్ఞత అని అడిగారు. ఆమె తిన్న ఆ భోజనానికి.

చీరలు మడత పెట్టి ఉన్నాయి. వచ్చి తీసుకెళ్లండి.

మీ మరిది,
ఏలీయా


నరసాపురం
1 అక్టోబరు 2023

ఏలీయా మరిదిగారికి,

నిద్రపోయాను. ముందు అది చెప్పాలి. మీ ఉత్తరం చదివిన రాత్రి లేసు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నచోటే నిద్రపోయాను. పొద్దున వచ్చిన ఆడవాళ్లు చూసి కంగారుపడి లేపారు.

"అక్క ఇచ్చిన మాట" అని అందా? హోటల్లో అంత మంది ముందు? చిన్నప్పుడు చర్చిలో వాక్యం చెప్పమంటే నా చీర కొంగు వెనక దాక్కునేది.

ఆ అయేషా అమ్మను నేను అన్న మాట మీరు ఆవిడకు చెప్పకండి. నేనే వచ్చి చెప్పుకుంటాను. ఏ భాషలో అని అడగకండి. సోనీకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. పిల్లది ఏడ్చింది, నవ్వింది.

యెరూషలేము యాత్రకు వెళ్దామని తీయించుకున్న పాస్‌పోర్టు ఉంది. ఆ యాత్రకు ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఇన్నాళ్లకు దానిమీద ఒక ముద్ర పడుతుంది. దాని మీద నా ఫోటో చూస్తే అధికారులు రానిస్తారో లేదో.

విమానం దిగగానే ఇంటికి కాదు. ముందు దయ దగ్గరకు. ముఖం తర్వాత కడుక్కుంటాను.

ఎండు రొయ్యలు తేవచ్చా? సంచి విప్పి చూస్తారా? వాసనకు విప్పనక్కర్లేదనుకోండి. అన్నం ఎంత ఉడకాలో నేను వచ్చి చూపిస్తాను. హోటల్లో మాత్రం కూర్చుంటాను. లేవను. మాట.

మీ వదిన,
ఫేబా


ముసఫ్ఫా
17 నవంబరు 2023

వదినగారికి,

ఈ ఉత్తరం పోస్టు చేయడం లేదు. రేపు మీ చేతికి ఇస్తాను. ఏడాదిగా మీకు రాయడం అలవాటైంది. ఉత్తరం ముందు లేకుండా ఎదుటపడడం బిడియంగా ఉంది.

ఈ రోజు హోటల్‌కు వెళ్లి వచ్చాను. శుక్రవారం కాని రోజున కుస్కుస్ వండరట. రేపు శనివారం. దయ అక్క వస్తోందని చెప్పాను. అయేషా కొడుకు కుదరదన్నాడు. అయేషా అతని వైపు చూసింది. కుదిరింది. కిటికీ పక్క బల్ల. మీరు ముక్కలు నా వైపు జరుపుతారని ఆవిడకు ముందే చెప్పాను. పళ్లెం తిప్పే పని ఈసారి నాకు వదిలేయమన్నాను.

సోనీకి పగటి డ్యూటీ ఉంది. సాయంత్రం అటే వస్తానంది. బస్సు దిగి, లోపలికే వస్తుందట.

దయ చీరలు పెట్టెలో సర్దాను. నీలం చీర విడిగా ఉంచాను. ఉతకలేదు. అది మీరు తీసుకున్నా, నాకు వదిలినా సరే.

ఆ రాత్రి ప్రార్థనలో దయ మొదట మీ పేరు చెప్పిందని రాశాను. మీ పేరు తర్వాత ఏమేమి చెప్పిందో రాయలేదు. అది చాలా ఉంది. మీ అమ్మగారు పోయిన రోజు నుంచి మొదలుపెట్టింది. కాగితం మీద పెట్టడానికి చాలాసార్లు కూర్చున్నాను. రాస్తే నా మాటలా అయిపోతోంది. పొద్దున తీరిగ్గా మొత్తం చెప్తానని ఆమె అంది. ఆ పని ఇంకా మిగిలి ఉంది.

విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ తెరిచారు. నేనూ చూడలేదు. దారి తెలియక మీరు కంగారుపడకండి, జనం వెంట నడవండి. బయటకు వచ్చే తలుపు ఎదురుగానే ఉంటాను. ఫ్లాస్కులో టీ తెస్తాను.

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కానని మీకు తెలుసు. రేపు ఉదయం విమానాశ్రయం నుంచి బనియాస్ దాకా నేనే మాట్లాడతాను.

ఏలీయా